పాతబస్తీలో ఒక పూట వంట

హైదరాబాదు నగరానికి మేము ముప్ఫై సంవత్సరాలుగా వచ్చిపోతూనే ఉన్నాము. అయినా మాకు తెలిసిన హైదరాబాదు చాలా చిన్నది. 1876లో స్థాపితమైన జామియా నిజామియా, అరబ్బీ రాతప్రతులను పరిష్కరించి ముద్రించడం కోసం 1888లో ఏర్పడిన దాయిరతుల్ మఆరిఫ్, మూసీ ఒడ్డున అఫ్జల్‌గంజ్‌లో ఉన్న ఆసఫియా గ్రంథాలయం, నమాజుకు మక్కా మసీదు, దాని చుట్టుపక్కల కితాబుల దుకాణాలు - ఇంతే మా నగరం. పొద్దున్నే కర్నూలు బస్సు దిగడం, మదర్సాకు కావలసిన పుస్తకాలు కొనడం, రాత్రికి మళ్లీ బస్సు ఎక్కడం. మా ఇల్లాలు ఈ నగరంలోనే పుట్టి పెరిగిన మనిషి. మేము హైదరాబాదు గురించి ఏదైనా చెప్పబోతే ఆమె నవ్వి, "మీరు చూసింది హైదరాబాదులో సగమే" అనేది. మిగిలిన సగం ఎక్కడ ఉందో మేము ఎన్నడూ అడగలేదు.

ఈ శీతాకాలంలో ఆమె కుడి కంటికి శుక్లం ఆపరేషను జరిగింది. అల్లాహ్ దయవల్ల అంతా సవ్యంగా ముగిసింది. మా చిన్నబ్బాయి ఉద్యోగరీత్యా దారుల్‌షిఫాలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటున్నాడు. మళ్లీ చూపించుకునే తేదీ వరకు అక్కడే ఉండాలని నిశ్చయించుకున్నాము. ముహమ్మద్ ఖులీ కుతుబ్ షా 1595లో కట్టించిన వైద్యశాల పేరే ఆ వాడకు నిలిచిపోయింది. దారుల్‌షిఫా అంటే స్వస్థతా నిలయం. కోలుకుంటున్న మనిషి ఉండడానికి ఇంతకంటే మంచి పేరున్న చోటు ఏముంటుందని సంతోషించాము.

డాక్టరు చెప్పిన జాగ్రత్తలు నాలుగు. కంట్లో నీళ్లు పడకూడదు. తల కిందికి వంచకూడదు. బరువులు ఎత్తకూడదు. పొయ్యి దగ్గరికి, పొగ దగ్గరికి పోకూడదు. మొదటి మూడింటికీ ఆమె తల ఊపింది. నాలుగోది విన్నప్పుడు మాత్రం మౌనంగా ఉండిపోయింది.

ఆ మౌనానికి కారణం మూడో రోజున తెలిసింది. పరామర్శకు వచ్చిన ఆమె అన్నదమ్ములిద్దరు, చెల్లెలు ఆదివారం రాత్రికి కుటుంబాలతో సహా మళ్లీ వస్తామన్నారు. వారు తొమ్మిది మంది, మేము ముగ్గురం. వారు వెళ్లగానే అబ్బాయి, "హోటలు నుంచి తెప్పిస్తే సరిపోతుంది అమ్మీ" అన్నాడు.

"నా వాళ్లు ఎన్నో ఏళ్లకు ఒకచోట కూర్చుని తినబోతున్నారు. బజారు తిండి పెట్టి పంపనా? ఒక్క పూటకు ఏమీ కాదు. నల్లకళ్లద్దాలు పెట్టుకుని నేనే లేస్తాను" అన్నది ఆమె.

ఆమె లేస్తుందని మాకు తెలుసు. జ్వరంతో కూడా లేచి వండిన మనిషి. కంటికి ఏమైనా అయితే ఎవరిది బాధ్యత? ఆ భయంలో మా నోట ఒక మాట వచ్చేసింది. "మేము వండుతాము. నువ్వు మంచం దిగకూడదు."

గదిలో కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత ఆమె నవ్వింది. ఆ నవ్వు న్యాయమైనదే. యాభై దాటిన మా జీవితంలో మేము చేసిన వంట టీ ఒక్కటే. అబ్బాయికి గుడ్లు వేయించడం వచ్చు, అంతే.

"సరే. కానీ ఏమి వండాలో నేను చెబుతాను. ఎక్కడ కొనాలో కూడా నేనే చెబుతాను. మధ్యలో మీ తెలివి వాడకూడదు" అని షరతు పెట్టింది. ఒప్పుకున్నాము.

బిర్యానీ వద్దన్నది మొదటే. పచ్చి మాంసం మీద సగం ఉడికిన బియ్యం పేర్చి దమ్ చేయడం కొత్తవారి పని కాదట. మాంసం ఉడికే సమయమూ, అన్నం పూర్తయ్యే సమయమూ ఒక్కటి కావాలి. లోపల ఏమి జరుగుతోందో మూత తీసి చూడడానికి లేదు. అందుకని మొదట మరగ్, దానిలోకి నాన్. తరువాత బగారా ఖానా, దాల్చా, బగారా బైంగన్, పెరుగు చట్నీ. చివర ఖుబానీ కా మీఠా. మేము మదర్సా నోటుపుస్తకం తీసి రాసుకోవడం మొదలుపెట్టాము. ఆమె చెప్పిన పద్ధతి మాకు వింతగా తోచింది. వస్తువు పేరు చెప్పి కొనే చోటు చెప్పడం లేదు. చోటు పేరు చెప్పి అక్కడ కొనవలసినవి చెబుతోంది. బేగంబజార్, మీర్ ఆలం మండీ, పురానీ హవేలీ. మాకు ఈ పేర్లు చరిత్ర పుస్తకాల్లోవి. ఆమెకు ఇంటి సామాను గదిలోని అరలు.

శనివారం అసర్ నమాజు తరువాత తండ్రీకొడుకులం నయాపుల్ మీదుగా మూసీ దాటి నడిచాము. కుడిచేతి వైపు దూరంగా ఆసఫియా గ్రంథాలయం కనిపించింది. 1891లో ప్రారంభమైన ఆ గ్రంథాలయంలో మేము కూర్చున్న మధ్యాహ్నాలకు లెక్క లేదు. దానికి నడిచి వెళ్లేంత దూరంలోనే బేగంబజార్ ఉన్నదని ఆ రోజే గ్రహించాము. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆ సందుల్లో అడుగు పెట్టలేదు.

బేగంబజార్ టోకు వర్తకుల వాడ. సందులు ఇరుకు, బస్తాలు ఎత్తు. తోపుడు బండి ఒకటి ఎదురైతే మనిషి గోడకు అతుక్కోవాలి. ఒక వీధిలో ఇత్తడి, రాగి పాత్రలు, ఇంకో వీధిలో మిర్చి ఘాటు, ఆ తరువాత ఎండుఫలాల దుకాణాలు. ఖుబానీ అడిగితే వర్తకుడు ముందుగా నారింజ రంగులో నిగనిగలాడే పండ్లను చూపించాడు. గింజ తీసినవి, చూడ ముచ్చటగా ఉన్నాయి. అబ్బాయి చేయి చాచాడు. మేము నోటుపుస్తకం తెరిచి చూశాము. "రంగు చూసి మోసపోకండి. ముడుతలు పడి గోధుమరంగులో ఉండేవి, లోపల గింజ ఉన్నవి అడగండి" అని రాసి ఉంది. అవి అడగ్గానే వర్తకుడి ముఖం మారింది. "ఇంట్లో పెద్దవాళ్లు చెప్పి పంపారా?" అని లోపలి నుంచి వేరే డబ్బా తెచ్చాడు. అర కిలో ఖుబానీ, జీడిపప్పు, నువ్వులు, వేరుశనగలు, ఎండుకొబ్బరి, షాజీరా తీసుకుని తిరిగి వచ్చాము. ఆ రాత్రి ఇషా తరువాత ఖుబానీలను కడిగి, మునిగేటట్టు నీళ్లు పోసి మూత పెట్టాము. మా జీవితంలో మొదటి వంట పని అదే. నిద్రపోయే ముందు రెండుసార్లు మూత తీసి చూశాము.

ఆదివారం ఫజర్ నమాజు ముగించుకుని మీర్ ఆలం మండీకి వెళ్లాము. పంతొమ్మిదో శతాబ్దపు తొలి సంవత్సరాలలో హైదరాబాదు రాజ్యానికి దివానుగా ఉన్న మీర్ ఆలం పేరు మీద వెలసిన మార్కెట్టు అది. ఆయన పేరు చెరువుకు ఉంది, మండీకీ ఉంది. నీళ్లకూ కూరగాయలకూ పేరు ముడిపడిన మంత్రి ప్రజల నోట ఎక్కువ కాలం బతుకుతాడేమో అనిపించింది. పాత కమాను కింద నుంచి లోపలికి పోతే తెల్లవారుజామునే సందడి మొదలై ఉంది. పుదీనా, కొత్తిమీర కట్టలు తడి గోనెల మీద గుట్టలుగా ఉన్నాయి. ఉర్దూలో బేరం, తెలుగులో లెక్క. ఒకే మనిషి రెండు భాషల్లో ధర చెబుతున్నాడు.

వంకాయల దగ్గర ఆగిపోయాము. బగారా బైంగన్‌కు చిన్నవి, లేతవి, తొడిమ విరగనివి కావాలి. మేము ఒక్కొక్కటీ తీసి కితాబు పుట తిప్పినంత నెమ్మదిగా చూస్తుంటే అమ్మే ఆమె ఓపిక పట్టలేకపోయింది.

"ఇంట్లో అమ్మగారు రాలేదా సాయిబు గారూ?" అని తెలుగులో అడిగింది.

కంటి ఆపరేషను సంగతి చెప్పాము. ఆమె మా చేతిలోని వంకాయలను తిరిగి గంపలో వేసేసి, తానే ఏరి ఇచ్చింది. "తొడిమ తీయకండి. తొడిమ ఉంటేనే కాయ విడిపోకుండా నిలబడుతుంది. నాలుగు పక్షాలుగా కోసి ఉప్పునీళ్లలో వేయండి" అని చెప్పి, చివర ఒక పుదీనా కట్ట ఊరికే పెట్టి, "అమ్మగారికి తొందరగా నయం కావాలి" అన్నది. సొరకాయకు గోరు గుచ్చి లేతదో ముదురుదో చూడడం కూడా ఆమే నేర్పింది. ముప్ఫై సంవత్సరాలుగా ఉస్తాదు అనిపించుకుంటున్న మేము ఆ పొద్దున ఒక కూరగాయల బుట్ట ముందు శిష్యులమయ్యాము. అందులో మాకు చిన్నతనం అనిపించలేదు. అక్కడి నుంచి మాంసం దుకాణానికి పోయి, మరగ్ కోసం ఎముకలతో కూడిన మాంసం కిలోన్నర, దాల్చా కోసం అర కిలో కొట్టించుకుని ఇంటికి చేరాము.

ఇంట్లో పన్నెండు మందికి సరిపడే గిన్నె లేదు. ఎదురింట్లో ఒంటరిగా ఉండే వృద్ధురాలు, అబ్బాయి ఖాలా అని పిలిచే ఆవిడ, కళాయి పూసిన రాగి దేగ్ ఒకటి అరువిచ్చింది. ఆవిడ కొడుకులు ఎడారి దేశాల్లో ఉన్నారు. ఆపరేషను అయిన రోజు మా ముగ్గురికీ అన్నం, పప్పు పంపింది కూడా ఆవిడే.

జుహర్ నమాజు తరువాత పొయ్యి వెలిగించాము. ఆమె పక్కగదిలో, మధ్యనున్న తెర వెనుక, మంచానికి ఆనుకుని కూర్చుంది. కంటికి నల్లద్దాలు. పొయ్యి కనిపించదు. కానీ వాసన, శబ్దం ఆ తెర దాటి వెళుతున్నాయి. మాకు అది మొదట తట్టలేదు.

"ఉల్లిపాయ అంచులు మాడుతున్నాయి. మంట తగ్గించు బేటా" అన్నది లోపలి నుంచి. చూస్తే నిజమే. అబ్బాయి మా వైపు చూశాడు. మేము ఏమీ అనలేదు. కాసేపటికి, "వేరుశనగలు వేగాయి, దించండి. నువ్వులు కలిపి వేయించకండి. అవి ముందే మాడిపోతాయి" అన్నది. ఆ తరువాత, "అల్లం వెల్లుల్లి పచ్చివాసన పోలేదు. ఇంకా తిప్పండి." కళ్లు ఉన్న ఇద్దరం చూడలేనిది కళ్లు మూసుకున్న మనిషికి తెలుస్తోంది. ముప్ఫై ఏళ్ల విద్య అది. మదర్సాలో ఏ హదీసు ఏ సంపుటంలో ఉందో మేము తడుముకోకుండా చెబుతామని విద్యార్థులు ఆశ్చర్యపడతారు. అటువంటి విద్యే మా ఇంట్లో ఇంకొకటి ఉన్నదని మేము గమనించనే లేదు.

మొదటి పొరపాటు దాల్చాలో జరిగింది. శనగపప్పు, మాంసం, సొరకాయ, చింతపండు పులుసు - ఇవి దాల్చాకు ఆధారం. చింతపండు ఎలాగూ పడవలసినదే కదా, ఒక పని తగ్గుతుందని శనగపప్పుతో పాటే కుక్కరులో పోసి మూత పెట్టాము. షరతును మరచి మా తెలివి వాడాము. ఆరు కూతలు వచ్చాయి. లోపలి నుంచి ప్రశ్న వచ్చింది.

"ఇన్ని కూతలైనా పప్పు ఉడికిన వాసన రావడం లేదు. చింతపండు ముందే పోశారా?"

మూత తీసి చూస్తే పప్పు గులకరాళ్ల వలె ఉంది. పులుపు తగిలిన పప్పు మెత్తబడదు. అందుకే పులుసు చివర పోయాలి. ఈ సంగతి తెలియని మనిషి ఆ ఇంట్లో మేమిద్దరమే. తెర కదిలింది. చూస్తే ఆమె మంచం దిగి రెండు అడుగులు వేసింది. వంటగది నిండా ఆవిరి. అబ్బాయి రెండు చేతులూ చాచి గడపలో అడ్డంగా నిలబడ్డాడు. "అమ్మీ, అల్లాహ్ కోసం!" అన్నాడు. వాడి గొంతులో వణుకు విని ఆమె ఆగిపోయింది. మేము కూడా బతిమాలాము. ఆమె తిరిగి వెళ్లి కూర్చుని, క్షణం ఆలోచించి చెప్పింది.

"ఎర్ర మసూర్ పప్పు కాస్త తెప్పించండి. పావుగంటలో ఉడుకుతుంది. మెత్తగా ఎనిపి అందులో కలపండి. శనగపప్పు పంటికి తగిలితే తగలనివ్వండి."

అబ్బాయి పరుగెత్తాడు. దాల్చా నిలబడింది. ఖుబానీ విషయంలో ఇంకెప్పుడూ మా తెలివి వాడలేదు. నానిన పండ్ల గింజలు తీసి, నానబెట్టిన నీళ్లలోనే ఉడికించి, పూర్తిగా మెత్తబడిన తరువాతే చక్కెర వేశాము. ముందే వేస్తే పండు గట్టిపడుతుందట. పులుపూ చివరనే, తీపీ చివరనే. వుజూలో తర్తీబ్ ఉన్నట్టు వంటకూ ఒక తర్తీబ్ ఉంది. గింజలు పగలగొట్టి లోపలి పప్పు తీసే పని మేము కూర్చుని చేశాము. బాదం వాసన వచ్చింది.

రెండో పొరపాటు మరగ్‌లో. ఈ మాటతో మాకు పాత పరిచయం. అరబ్బీలో మరఖ్ అంటే మాంసం ఉడికించిన రసం. నిజాముల సైన్యంలో పనిచేయడానికి యమన్‌లోని హజ్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులు కాపురమున్న బార్కస్ ఈ నగరంలోనే ఉంది. అరబ్బీ మాట ఇక్కడి వంటింట్లో చేరి మరగ్ అయింది. సహీహ్ ముస్లింలో హజ్రత్ అబూజర్ (రజి) ఉల్లేఖించిన హదీసు ఒకటి ఉంది. మాంస రసం వండినప్పుడు అందులో నీళ్లు ఎక్కువ పోసి, ఇరుగుపొరుగును గుర్తుంచుకోమని దైవప్రవక్త (సఅసం) ఆయనకు బోధించారు. దానిని మేము ఎన్నో ఏళ్లుగా పాఠం చెబుతున్నాము. వాక్యంలో మరఖ అనే పదం కర్మ స్థానంలో ఉందని, అందుకే దానికి జబర్ వచ్చిందని బోర్డు మీద రాస్తాము. ఆ పదం వెనుక ఒక గిన్నె ఉన్నదని, ఆ గిన్నె దగ్గర ఒకరు చెమటోడుస్తూ నిలబడతారని మాకు ఏనాడూ స్ఫురించలేదు.

రాగి దేగ్‌లో మాంసం మెత్తబడింది. జీడిపప్పు ముద్ద, మిరియాలు, యాలకులు పడ్డాయి. రంగు తెల్లగా, వాసన హాయిగా ఉంది. ఉప్పు వేసి మేము అసర్ నమాజుకు మసీదుకు వెళ్లాము. మేము ఉప్పు మరిచామనుకుని అబ్బాయి తానూ వేశాడు. తిరిగి వచ్చి గరిటెతో రుచి చూస్తే నోట పెట్టలేము.

అప్పుడు మాకు ఒక పాత రోజు గుర్తుకు వచ్చింది. వివాహమైన తొలి సంవత్సరంలో, మా ఉస్తాదు ఒకరు భోజనానికి వచ్చినప్పుడు, కూరలో ఉప్పు ఎక్కువైందని ఆయన ముందే మేము ఒక మాట అన్నాము. తెర వెనుక గాజుల చప్పుడు ఆగిపోయింది. దైవప్రవక్త (సఅసం) ఏనాడూ భోజనానికి వంక పెట్టలేదని, ఇష్టమైతే తిన్నారని, లేకుంటే వదిలేశారని బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. ఆ హదీసు మాకు ఆ రోజూ కంఠస్థమే. మా ఉస్తాదు మాత్రం గిన్నె ఖాళీ అయ్యే దాకా తిని, వండినవారికి దుఆ చేసి వెళ్లారు. ఇన్నేళ్లలో ఆమె ఆ మాట ఎత్తలేదు. మేమూ క్షమాపణ అడగలేదు.

గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాము. "ఏమైంది? శబ్దం లేదు" అన్నది ఆమె. ఉప్పు ఎక్కువైందని చెప్పాము. ఆ పదం మా నోట పలకడం కష్టమైంది. ఆమె ఒక నిమిషం ఊరుకుని, ఏమీ జరగనట్టే అన్నది.

"ఉప్పు ఎక్కువైతే బయటికి తీయలేము కదా. వేడినీళ్లు పోయండి. కాచిన పాలు రెండు గ్లాసులు, ఇంకొంచెం జీడిపప్పు ముద్ద వేయండి. సన్నని మంట మీద మరగనివ్వండి. ఎక్కువైతే ఎదురింటి ఖాలాకు పంపుదాము. ఆమె గిన్నె ఎలాగూ ఖాళీగా పంపకూడదు."

మేము నీళ్లు పోశాము. దేగ్‌లో మరగ్ అంచు దాకా లేచింది. ముప్ఫై సంవత్సరాలు బోర్డు మీద రాసిన హదీసు ఒక పొరపాటు వల్ల, ఆమె నోటి మాట వల్ల మా చేత ఆచరణలోకి వచ్చింది. ఆమె హదీసును ఉటంకించలేదు. ఆమెకు అది రోజూ చేసే పని.

మగ్రిబ్ తరువాత నాన్ కోసం పురానీ హవేలీ వీధికి వెళ్లాము. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ దుస్తుల కోసం చేయించిన పొడవైన రెండంతస్తుల బర్మా టేకు బీరువా ఆ హవేలీలోనే ఉంది. దాన్ని మేము ఒకసారి చూశాము. ఎదుటి వీధిలోని నాన్ బట్టీలను మాత్రం చూడలేదు. ఇక్కడి నాన్ నాలుగు మూలలుగా ఉంటుంది. అందుకే చార్‌కోనీ నాన్ అంటారు. బట్టీ ముందు కూర్చున్న యువకుడు చేతికి తడి గుడ్డ చుట్టుకుని, నడుము దాకా వంగి, పిండిని నిప్పుల బట్టీ లోపలి గోడకు అద్దుతున్నాడు. లేచిన ప్రతిసారీ ముఖం ఎర్రగా కందిపోయి ఉంది. పొద్దుటి వరకు మేమయితే నాన్ మీదనే చూపు పెట్టేవాళ్లము. ఆ సాయంత్రం అతని ముఖం చూశాము. మధ్యాహ్నమంతా పొయ్యి ముందు నిలబడి మా కనురెప్పలు కూడా మండుతున్నాయి.

ఇషా నమాజు అయింది. అతిథులు వచ్చారు. ముందుగదిలో పురుషులకు, లోపలి గదిలో స్త్రీలకు దస్తర్‌ఖాన్ పరిచాము. అబ్బాయి చేతులు కడిగించాడు. మరగ్ గిన్నెల్లో పోసి, వేడి నాన్ ముక్కలు పక్కన పెట్టాము. మొదటి గిన్నె ఎదురింటి ఖాలాకు అంతకుముందే వెళ్లిపోయింది. మా పెద్ద బావమరిది ఒక గుటక తాగి తల ఎత్తాడు. మేము ఊపిరి బిగపట్టాము. "నిమ్మకాయ ఉందా బావా?" అని మాత్రం అడిగాడు. పిండుకుని గిన్నె ఖాళీ చేశాడు. లోపలి గది నుంచి ఆమె గొంతు వినిపించింది. "నాకు ఇంకొంచెం వేయించండి." రుచికి అడిగిందో, మా మనసు నిలబెట్టడానికి అడిగిందో మాకు ఇప్పటికీ తెలియదు. తెలుసుకోవాలని కూడా అడగలేదు.

బగారా ఖానా అడుగంటింది. కాని పైది పొడిపొడిగా వచ్చింది. దాల్చాలో శనగపప్పు అక్కడక్కడా పంటికి తగిలింది. వంకాయలు మూడు చితికిపోయాయి. మిగిలినవి కూరగాయలామె చెప్పినట్టు తొడిమ పట్టుకుని నిలబడ్డాయి. ఖుబానీ కా మీఠా మాత్రం పిల్లలు గిన్నెలు నాకి లేచారు. మేము ముందుగదికీ వంటగదికీ తిరుగుతూనే ఉన్నాము. ఎవరికి అన్నం తక్కువైంది, ఎవరి గ్లాసులో నీళ్లు లేవు, లోపలికి దాల్చా వెళ్లిందా - ఈ లెక్కలతోనే గంట గడిచింది. అందరూ తిని లేచిన తరువాత గాని మేము ఇంకా తినలేదన్న సంగతి మాకు గుర్తు రాలేదు.

వంటగదిలో గిన్నెల మధ్య కూర్చుని అడుగంటిన అన్నం గీకుతుంటే గడపలో అలికిడి అయింది. ఆమె నిలబడి ఉంది.

"పొయ్యి ఆరింది. ఇప్పుడు రావచ్చు కదా" అన్నది. చేతిలో పళ్లెం ఉంది. అందులో అన్నం, దాల్చా, రెండు విడిపోని వంకాయలు. స్త్రీల దస్తర్‌ఖాన్ మీద తాను తినకుండా తీసి పెట్టింది. మరగ్ తప్ప ఏమీ తినలేదని మాకు అప్పుడు అర్థమైంది.

"సేవకుడు భోజనం వండి తెస్తే అతణ్ణి పక్కన కూర్చోబెట్టుకోవాలని, కనీసం ఒకటి రెండు ముద్దలైనా ఇవ్వాలని, ఎందుకంటే దాని వేడిని భరించింది అతడేనని దైవప్రవక్త (సఅసం) చెప్పారని మీరు ఒకసారి ఇజ్తిమాలో వివరించారు. నేను తెర వెనుక కూర్చుని విన్నాను" అన్నది.

ఇంకేమీ అనలేదు. అనవలసిన అవసరం లేకపోయింది. ఇన్నేళ్లలో ఆమె ఎన్ని పూటలు వేడి భరించింది, ఎన్ని పూటలు గిన్నెల మధ్య కూర్చుని అడుగంటినది తిన్నది? సేవకుడికే ఆ హక్కు ఉంటే జీవన సహచరికి ఎంత హక్కు ఉంటుంది? ఆ హదీసు చెప్పి ఇంటికి వచ్చిన రాత్రి కూడా మేము దస్తర్‌ఖాన్ ముందు కూర్చుని, ఆమె తెచ్చిన అన్నం తిని, చేయి కడుక్కుని, కితాబు తెరిచి ఉంటాము.

పాత రోజు మాట అప్పుడు ఎత్తాము. "ఆ రోజు మా ఉస్తాదు ముందు ఉప్పు సంగతి అనకుండా ఉండవలసింది. క్షమించు" అన్నాము. ఆమె నల్లద్దాల వెనుక ఏమున్నదో కనిపించలేదు. "కంట్లో నీళ్లు పడకూడదని డాక్టరు చెప్పాడు కదా. ఇప్పుడు ఇవన్నీ ఎందుకు?" అని, ఒక ముద్ద కలిపి తాను తిని, పళ్లెం మా వైపు జరిపింది. ఇద్దరం ఒకే పళ్లెంలో తిన్నాము.

మరునాడు పొద్దున ఎదురింటి ఖాలా మరగ్ గిన్నెను కడిగి తిరిగి పంపింది. అందులో నాలుగు జామపండ్లు ఉన్నాయి.

ఆమె కన్ను ఇప్పుడు బాగుంది. అల్‌హమ్దులిల్లాహ్. మళ్లీ చూపించుకున్న తరువాత, బస్సు ఎక్కే ముందు, మీర్ ఆలం మండీకి వెళ్లి రెండు కళ్లతో చూసుకుని రావాలని ఆమె కోరింది. ఈసారి ఆమె ముందు నడిచింది, సంచీ మేము పట్టుకున్నాము. ఆమె కమాను చూపించి, చిన్నప్పుడు తండ్రి చేయి పట్టుకుని ఆ కింద నుంచే లోపలికి వచ్చేదాన్నని చెప్పింది. వంకాయలామె ఆమెను చూసి, "ఈ సాయిబు గారేనా వండింది?" అని అడిగింది. ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారు. మేము చూడని సగం హైదరాబాదు అది.

కర్నూలుకు వచ్చిన తరువాత పాఠక్రమంలో హజ్రత్ అబూజర్ (రజి) గారి హదీసు మళ్లీ వచ్చింది. వ్యాకరణం ఎప్పటిలాగే చెప్పాము. తరువాత సుద్దముక్క కింద పెట్టి, ఉప్పు రెండుసార్లు పడిన మరగ్ కథ చెప్పాము. పిల్లలు నవ్వారు. ఇంటిపని కింద ఒకటే ప్రశ్న ఇచ్చాము: "శుక్రవారం ఇళ్లకు వెళ్లినప్పుడు, మీ ఇంట్లో అందరికంటే చివర ఎవరు తింటారో, వారికి ఏమి మిగులుతుందో చూసి రండి."

శనివారం తరగతిలో ఒక్కొక్కరినీ నిలబెట్టి అడిగాము. మొదటి ప్రశ్నకు అందరి సమాధానమూ ఒక్కటే. రెండో ప్రశ్నకు సమాధానం చెప్పడానికి చాలామంది తలలు దించుకున్నారు. వెనుక వరుసలో కూర్చునే ఒక పిల్లవాడు మాత్రం, "ఈసారి నేను ఆగి అమ్మీతో కలిసి తిన్నాను ఉస్తాద్" అన్నాడు. అతనికి ఆ రోజు పూర్తి మార్కులు వేశాము.